టోకెన్ సరైనదే, మరి 401 ఎందుకు?

మధురవాడ తమ్ముడూ, బేరర్ టోకెన్ (సర్వర్‌కి మనమెవరో చెప్పే రహస్య తాళం లాంటిది) సరిగ్గానే పెట్టినా పైథాన్ స్క్రిప్టుకి 401 (నువ్వెవరో తేలలేదు, లోపలికి రానివ్వను అనే ఎర్రర్) వస్తోందన్నావు కదా. ముందు ఆ టోకెన్ రద్దు చేసి కొత్తది తీసుకో, ప్రశ్నలో మొత్తం అతికించేశావు!

ఇక అసలు సంగతి. నువ్విచ్చిన అడ్రస్ ముందు మూడు డబ్ల్యూలు లేవు. సర్వర్ అవి ఉన్న అడ్రస్‌కి మళ్ళిస్తోందని నా అనుమానం. అలా హోస్ట్ పేరు (అడ్రస్‌లోని సర్వర్ పేరు) మారితే, పైథాన్‌లో వెబ్ రిక్వెస్టులు పంపే రిక్వెస్ట్స్ లైబ్రరీ, టోకెన్‌ని మోసుకెళ్ళే ఆథరైజేషన్ హెడర్‌ని తీసేస్తుంది. టోకెన్ అందక సర్వర్ 401 ఇస్తుంది. టోకెన్ పరాయి సర్వర్ చేతిలో పడకూడదని చేసిన ఏర్పాటది, బగ్ కాదు.

రెస్పాన్స్ హిస్టరీ (response.history, దారిలో జరిగిన మళ్ళింపుల జాబితా) ప్రింట్ చెయ్యి. 301 గానీ 308 గానీ (రెండూ మళ్ళింపు కోడ్లే) కనిపిస్తే, రెస్పాన్స్ యూఆర్ఎల్‌లో (response.url) ఉన్న చివరి అడ్రస్‌నే నేరుగా స్క్రిప్టులో రాసెయ్. హిస్టరీ ఖాళీగా ఉంటే హోమ్ ఫోల్డర్‌లో నెట్‌ఆర్‌సీ (.netrc, లాగిన్ వివరాలు దాచుకునే) ఫైల్ ఉందేమో చూడు. అందులో ఆ హోస్ట్‌కి పాస్‌వర్డ్ ఉంటే నీ హెడర్‌ని తోసేసి అదే వెళ్తుంది.

టైమౌట్ 10 సెకన్లు పెట్టు, లేకపోతే సర్వర్ పలకనప్పుడు స్క్రిప్టు అలాగే వేలాడుతుంది.