బటన్ నొక్కాక వెనకాల ఏం జరిగింది?

ప్రశ్న: బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో సెలీనియం (వెబ్‌సైట్లను స్క్రిప్టుతో పరీక్షించే టూల్) కోర్సు చేశాను. మొన్న ఇంటర్వ్యూలో, "పే బటన్ నొక్కితే పేజీ తిరుగుతూనే ఉంది. తప్పు పేజీదా, సర్వర్‌దా? స్క్రిప్టుతో ఎలా తేలుస్తారు?" అని అడిగారు. నోట మాట రాలేదు. టెస్టింగ్ మానేసి డెవలప్‌మెంట్‌కి మారనా?
- ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: మానొద్దు. అది మిమ్మల్ని ఇరికించడానికి అడిగిన ప్రశ్న కాదు. ఉద్యోగంలో చేరాక తరచూ చేయాల్సిన పనే.

మీరు ఇప్పటిదాకా నేర్చుకున్నది తెర మీద కనిపించేదాన్ని తనిఖీ చేయడం. సెలీనియం బ్రౌజర్‌ను నడిపే పద్ధతి పేరు వెబ్‌డ్రైవర్. 2018లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా వచ్చిన ఆ వెబ్‌డ్రైవర్‌లో నెట్‌వర్క్‌ను, అంటే పేజీకీ సర్వర్‌కీ మధ్య రాకపోకలను, గమనించే ఏర్పాటు లేదు. 2021లో సెలీనియం 4 వచ్చాక క్రోమ్ బ్రౌజర్‌లోనే ఉండే డెవ్‌టూల్స్ ద్వారా ఆ దారి దొరికింది. పాత సిలబస్‌లో ఇది ఉండదు, కాబట్టి టెన్షన్ పడకండి.

ముందు ఓ వారం స్క్రిప్టు జోలికి పోకండి. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ఏదైనా డెమో షాపింగ్ సైట్లో తిరగండి. బటన్ నొక్కినా రిక్వెస్టే (పేజీ సర్వర్‌కి పంపే అభ్యర్థన) బయల్దేరలేదంటే తప్పు పేజీలో ఉంది. వెళ్లి 500 (సర్వర్‌లో లోపమని చెప్పే కోడ్) తెచ్చిందంటే సర్వర్ వైపు చూడాలి. 401 అయితే లాగిన్ చెల్లలేదు. 200 (అంతా సరే అనే కోడ్) వచ్చినా తెర మారలేదా? వచ్చిన జవాబు తెరిచి చదవండి. లోపల "ఫెయిల్డ్" అని ఉండొచ్చు. ఇంటర్వ్యూలో వాళ్లు వినాలనుకున్నది ఇదే.

తర్వాత ప్లేరైట్ పట్టుకోండి. 2020లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఈ టూల్‌లో వెళ్లే ప్రతి రిక్వెస్టునూ, వచ్చే ప్రతి రెస్పాన్స్‌నూ నాలుగైదు లైన్లతో రాసిపెట్టుకోవచ్చు. కొత్తవాళ్లు క్లిక్ చేయించాక వినడం మొదలుపెడతారు, అప్పటికే రిక్వెస్టు వెళ్లిపోయి ఉంటుంది. లిజనర్‌ని, అంటే రిక్వెస్టులను వినే కోడ్‌ని, క్లిక్‌కి ముందే పెట్టాలి.

ప్రాజెక్టుకి ఇది చేయండి: ఆర్డర్ బటన్‌ను స్క్రిప్టుతో వెంటవెంటనే రెండుసార్లు నొక్కించండి. తెర మీద ఒకే ఆర్డర్ కనిపించి, లాగ్‌లో (మీరు రాసిపెట్టుకున్న జాబితాలో) రెండు పోస్ట్ రిక్వెస్టులు (సర్వర్‌కి డేటా పంపేవి) ఉంటే, కస్టమర్ డబ్బు రెండుసార్లు కట్ అయ్యే ప్రమాదం ఉన్నట్టే. కంటికి దొరకని ఇలాంటి తప్పును పట్టుకునే మనిషి ఏ టీమ్‌కైనా కావాలి.

ఇదంతా డెమో సైట్లలోనో, మీరు కట్టుకున్న సైట్లోనో మాత్రమే చేయండి. లాగ్‌ను కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో పెట్టేముందు ఒకసారి పైనుంచి కిందికి చదవండి. మీ లాగిన్‌ను గుర్తుపెట్టుకునే కుకీలు, టోకెన్లు, ఒక్కోసారి పాస్‌వర్డ్ కూడా అందులోనే ఉంటాయి.