కత్తి దొరికిందా, కుదిరిందా?

సందేహం: నేను, మా బావ రోజూ యాక్షన్ ఆర్పీజీ ఆటలు (ఒక పాత్రను నడిపిస్తూ రాక్షసులతో పోరాడే వీడియో ఆటలు) ఆడతాం. రాక్షసులను చంపితే నేలమీద పడే వస్తువులను లూట్ అంటాం, మనమే చేసుకోవడాన్ని క్రాఫ్టింగ్ అంటాం. స్నేహితుల కోసం ఈ ఆటల గురించి తెలుగులో ఒక పరిచయం రాస్తున్నాను. అందులో మొదటివాటిని 'లూటీ వస్తువులు' అని, రెండోవాటిని 'తయారుచేయబడిన వస్తువులు' అని రాశాను. బావ ఒప్పుకోవడం లేదు. పాత్ ఆఫ్ ఎగ్జైల్ అనే ఆటలో ఆర్బ్ (వస్తువు గుణాలను మార్చే గోళం) వేస్తే కత్తికి ఏ గుణం వస్తుందో మన చేతిలో ఉండదు, కాబట్టి అది కూడా దొరికినట్టే గాని చేసినట్టు కాదంటాడు. ఎవరి మాట సరైనది?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, మద్దిలపాలెం, విశాఖపట్నం

సమాధానం: మీ బావగారు పట్టుకున్న మెలిక గట్టిది. దాని దగ్గరకు వచ్చేముందు మీ రెండు మాటల సంగతి తేల్చేద్దాం.

'లూటీ' మనకు హిందీ ఉర్దూల నుంచి వచ్చిన మాట. దుకాణాలు లూటీ చేశారు, బ్యాంకు లూటీ అయింది అంటాం. సొమ్ము ఎవరిదో ఉంటుంది, వాళ్లు నష్టపోతారు, చేసినవాడు దోషి. అదే హిందీ మాట పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వెళ్లింది. అక్కడ యుద్ధంలో సైనికులు కొల్లగొట్టిన సొమ్ముకు పేరై, చివరికి ఆటల్లో శత్రువు చచ్చాక పడే సరుకుకు పేరైంది. ఇంత తిరిగి వచ్చిన 'లూట్' వేరు, మన 'లూటీ' వేరు. లూట్‌ను లూట్‌గానే ఉంచండి. 'లూట్‌లో ఏం పడింది', 'లూట్‌కి వెళ్దాం' అంటూ ఆడేవాళ్లు దానికి విభక్తులు తగిలించి ఎప్పుడో తెలుగు చేసుకున్నారు. అచ్చతెలుగు కావాలంటే 'కొల్ల' ఉంది. తమిళంలో కొళ్ళై, కన్నడంలో కొళ్ళె దాని తోబుట్టువులు. తీసుకోవడం అనే అర్థమున్న 'కొను' ధాతువుకు చుట్టం. 'కొల్లగొట్టు'లో దోపిడీ కనిపిస్తుంది, 'కొల్లలుగా'లో సమృద్ధి కనిపిస్తుంది. నాకెంతో ఇష్టమైన మాట. కాని విడిగా 'కొల్ల' అని ఇవాళ ఎవరూ అనరు. మీ స్నేహితులకు ప్రతిసారీ అర్థం చెప్పాల్సి వస్తుంది.

'తయారుచేయబడిన' మాత్రం కొట్టేయండి. 'బడు' చేరగానే చేసినవాడు వాక్యంలోంచి మాయమవుతాడు. మీ ఇద్దరి తగవంతా చేసింది ఎవరన్న దాని మీదే కదా!

ఇక అసలు విషయం. పేర్లు వెతకడం ఆపి క్రియల వైపు చూడండి. ఒక వస్తువు మన చేతికి రావడంలో మన పాలెంత, అదృష్టం పాలెంత అన్నది చెప్పడానికి తెలుగులో ఒక్కో అంచెకు ఒక్కో క్రియ ఉంది.

'నాకు కత్తి దొరికింది' అన్నప్పుడు కర్త కత్తి. నేను 'కు' విభక్తితో పక్కన నిలబడ్డాను. 'నేను దొరికాను' అంటే పట్టుబడ్డానని అర్థం మారిపోతుంది. 'పడు' కూడా ఇలాంటిదే. మన ఫిషింగ్ హార్బర్‌లో వలకు ఏం పడిందని అడుగుతారు. ఆటలో యూనిక్ (సొంత పేరున్న ప్రత్యేక వస్తువు) పడిందంటారు. వల వేయడం మనిషి పని, పడడం చేప పని. ఆ తేడాను ఆడే పిల్లలు ఎవరూ చెప్పకుండానే పాటిస్తున్నారు. హఠాత్తుగా పడితే మన ఉత్తరాంధ్ర పలుకులో 'వచ్చీసింది' అంటాం. మీ పరిచయంలో సంభాషణలుంటే దాన్ని దిద్దకండి.

కాని పడిన సరుకంతా ఊరికే పడలేదు. డయాబ్లో 2 అనే ఆట వచ్చిన 2000 నుంచీ ఆడేవాళ్లు మెఫిస్టో అనే పెద్ద రాక్షసుణ్ణి చంపడం, ఆట మళ్లీ తెరవడం, మళ్లీ చంపడం చేస్తున్నారు. పైగా మంచి సరుకు పడే అవకాశం పెరగడానికి మ్యాజిక్ ఫైండ్ అనే గుణం ఉన్న ఉంగరాలు, తాయెత్తులు ఏరికోరి పెట్టుకుంటారు. అలా వచ్చిన వస్తువును 'దొరికింది' అంటే ఆ శ్రమ కనిపించదు, 'చేసుకున్నాను' అంటే అబద్ధం. దీనికి తెలుగులో 'దొరకబుచ్చుకున్నాను' అనే చక్కని మాట ఉంది. వెతికి, కాచుకుని, పట్టు విడవకుండా సాధించినదాన్ని అలా అంటాం. వాడుక తగ్గుతోంది. మీ పరిచయంలో దానికి చోటివ్వండి.

క్రాఫ్టింగ్ అనేది కూడా ఒక్క పని కాదు. డయాబ్లో 2 మొదటి అంకంలో చార్సీ అనే కమ్మరి పోయిన తన సుత్తి తెచ్చిపెడితే, మామూలు ఆయుధానికి ఒక్కసారి గుణాలు ఎక్కించి ఇస్తుంది. అక్కడ 'చేయించుకున్నాను' అనాలి. 2001లో ఆ ఆటకు వచ్చిన విస్తరణలో రూన్‌వర్డ్‌లు (రూన్లనే రాళ్లను వరసగా పొదిగితే వచ్చే మాటలు) చేర్చారు. మాయ గుణాలేవీ లేని కవచానికి సరిగ్గా రెండే సాకెట్లు (పొదిగే గుంటలు) ఉండి, వాటిలో ముందు టాల్ రూన్, తర్వాత ఎత్ రూన్ పొదిగితే అది స్టెల్త్ అనే రూన్‌వర్డ్ అవుతుంది. ఎత్ ముందు పెడితే కాదు. రూన్ అంటేనే అక్షరం. అక్షరాలను వరస తప్పకుండా చేర్చడాన్ని మనం 'కూర్చు' అంటాం, ఇక్కడ అంతకన్నా సరిపోయే మాట లేదు. 2024లో వచ్చిన లాస్ట్ ఎపాక్ అనే ఆటలో ఒక వస్తువును పగలగొట్టి దాని గుణాల ముక్కలు తీసుకుని, మనం ఎంచుకున్న గుణాన్ని ఇంకో వస్తువుకు ఎక్కిస్తాం. ప్రతి మార్పుకూ ఆ వస్తువుకున్న ఫోర్జింగ్ పొటెన్షియల్ (దాన్ని ఇంకెంత మార్చవచ్చో చెప్పే లెక్క) కొంత ఖర్చవుతుంది, అది అడుగంటాక ఇక ఆ పద్ధతిలో మార్చలేం. ఎంచుకోవడం మనదే కాబట్టి 'మలిచాను' అనవచ్చు.

పాత్ ఆఫ్ ఎగ్జైల్ దగ్గర బావగారి వాదానికి బలం వస్తుంది. మామూలు వస్తువు మీద ఆల్కెమీ ఆర్బ్ వేస్తే రేర్ (చాలా గుణాలుండే రకం) అవుతుంది, ఏ గుణాలతో అన్నది పాచికల పాలు. ఎగ్జాల్టెడ్ ఆర్బ్ ఇంకో గుణం చేరుస్తుంది, అదీ పాచికే. ఈ గుణాల్లో రేర్‌కు ముందు చేర్పులు (ప్రిఫిక్స్‌లు) మూడు, వెనక చేర్పులు (సఫిక్స్‌లు) మూడు మించవు. అయితే ఏ కత్తి మీద వేయాలి, దాని ఐటెమ్ లెవెల్ (వస్తువు స్థాయి) కావలసిన గుణానికి చాలుతుందా, ఒక గుణాన్నయినా ఖాయం చేసే ఎసెన్స్ వాడాలా, ఎక్కడ ఆపాలి అన్నవన్నీ ఆడేవాడి తెలివి. ఇలాంటి చోట తెలుగువాళ్లు 'కుదిరింది' అంటారు. ఆవకాయ పెట్టిన అమ్మ 'ఈసారి బాగా కుదిరింది' అంటుంది. కాయ ఎంచింది, కారం ఉప్పు పాళ్లు చూసింది ఆవిడే. అయినా ఫలితాన్ని ఆజ్ఞాపించలేదు. 'నాకు కుదిరింది' అనడంలో 'దొరికింది'కి ఉన్న 'కు' విభక్తే ఉంది, ఆ మేరకు బావగారు నెగ్గారు. కాని పెట్టిన ఆవకాయను దొరికిందని ఎవరూ అనరు. చేసిన చేయి లేకుండా 'కుదరడం' ఉండదు, అక్కడ మీరు నెగ్గారు. 'ఆర్బులు పడ్డాయి, కత్తి చేసుకున్నాను, కుదరలేదు' అని రాసి చూడండి. ఆర్బులే లూట్‌గా పడతాయి కాబట్టి ఈ ఆటలో లూట్, క్రాఫ్టింగ్ ఎలా ముడిపడ్డాయో కూడా ఆ వాక్యంలోనే తెలిసిపోతుంది.

చేర్పుల ప్రస్తావన వచ్చింది గనుక ఒక హెచ్చరిక. వస్తువుల పేర్లను తెలుగు చేయబోకండి. 'స్టర్డీ బెల్ట్ ఆఫ్ ది ఫాక్స్'లో ఒక గుణం ముందు, ఒకటి వెనక ఉంది. తెలుగులో విశేషణాలన్నీ ముందుకే వస్తాయి. 'గట్టి నక్క బెల్టు' అంటే నక్క గట్టిదేమో అనుకుంటారు.

కొన్న సరుకు సంగతి మీరు అడగలేదు గాని, దానికీ ఒక మాట ఉండాలి. 2012లో వచ్చిన డయాబ్లో 3లో వేలంశాల పెట్టి, 2014 మార్చి 18న మూసేశారు. రాక్షసులను చంపి సరుకు సంపాదించడమనే ఆట ప్రాణాన్నే అది దెబ్బతీస్తోందని తయారీదారులే ఒప్పుకున్నారు. అక్కడ మాత్రం 'కొన్నాను' అని నిజం రాయండి, 'సంపాదించాను' అని కప్పకండి.

మీ శీర్షికలకు 'పడిన సరుకు', 'చేసుకున్న సరుకు' చాలు. లోపల వాక్యాల్లో 'చేసుకున్నాను' దగ్గర 'నేను' అని, 'కుదిరింది' దగ్గర 'నాకు' అని రాయండి. రెండూ ఒకే పేరాలో వచ్చినా ఫరవాలేదు.