సమాధానం: ముందు వడపోతను సరిచేయండి

అమెరికాలోని మీ రెసిడెన్సీ (వైద్య పట్టా తర్వాత ఆసుపత్రిలో ఇచ్చే శిక్షణ) ప్రోగ్రాంలో ఇంటర్వ్యూలకు ఏటా ఒకే తరహా అభ్యర్థులు వస్తున్నారని, ఎంపిక కమిటీలో కొత్తగా చేరిన మీకు ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశారు. నా దృష్టిలో చిక్కంతా స్కోరు వడపోతలోనే ఉంది. 2022 జనవరిలో అక్కడి వైద్య లైసెన్సు పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1 ఫలితం పాస్, ఫెయిల్‌కు పరిమితమయ్యాక చాలా ప్రోగ్రాములు అదే కత్తెరను తర్వాతి పరీక్ష స్టెప్ 2 మీదికి మార్చాయి. ఇవి లైసెన్సు కోసం పుట్టిన పరీక్షలు, అభ్యర్థులను వడపోయడానికి కాదు. అందుకే సహేతుకమైన కనీస స్కోరు ఒకటి పెట్టుకుని, దాన్ని దాటిన ప్రతి దరఖాస్తునూ ఇద్దరు విడివిడిగా పూర్తిగా చదవండి. ఉద్యోగం చేస్తూ చదివినవారు, ఇంట్లో తొలి పట్టభద్రులు, వైద్యులు కరువైన ప్రాంతాల్లో సేవ చేసినవారు అప్పుడే కంటపడతారు.

ఇంటర్వ్యూలో అందరికీ అవే ప్రశ్నలు వేయండి, మార్కుల ప్రమాణాలు ముందే రాసుకోండి. ‘మనలో ఇమిడిపోతారా’ అనే గడి ఉంటే కొట్టేయండి. పక్షపాతానికి అంత సుఖమైన చోటు మరొకటి లేదు. అయితే జాతిని చూసి మార్కులు కలపకండి. రెసిడెంట్లు ఉద్యోగులు కూడా కాబట్టి 1964 నాటి పౌర హక్కుల చట్టం అందుకు ఒప్పుకోదు.

ఇంకొకటి, చేరినవారిలో మధ్యలో వెళ్లిపోతున్నది ఎవరో కూడా చూడండి. వైవిధ్య కమిటీ చాకిరీ అంతా మైనారిటీ రెసిడెంట్ల నెత్తిన వేస్తే, కనీసం ఆ సమయాన్ని పని గంటల్లో లెక్కించండి.