కత్తెర పట్టుకుంటే చెయ్యి ఆడటం లేదు

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 43 ఏళ్లు. తెనాలిలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచీ దేనిమీదా మనసు నిలవడం లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ఆది జాకెట్టు ముందు పెట్టుకుని కూర్చుంటాను, కత్తెర ఆడదు. ఈ ముహూర్తాలకు వచ్చిన పెళ్లి జాకెట్లు కూడా తిప్పి పంపేశాను. మా ఆయన "నీకేం తక్కువ? గుడికెళ్లి రా" అంటారు. ఒక్కోసారి, పడుకున్నదాన్ని మళ్లీ లేవకపోతే బాగుండనిపిస్తోంది. డాక్టరుకు చూపించుకుంటే పిచ్చి అంటారేమో, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఆ మందులు అలవాటైపోతాయట కదా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, "మళ్లీ లేవకపోతే బాగుండు" అన్నారే, ఆ మాట ఇవాళే మీ ఆయనకు చెప్పండి. ఆ ఆలోచన బలపడుతుంటే ఒంటరిగా ఉండొద్దు, వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాధలకు సలహా ఇచ్చేందుకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు. మీకు మెలకువ వచ్చే ఆ మూడింటికైనా తెలుగులోనే మాట్లాడతారు.

దిగులు రెండు వారాలు దాటినా వదలక, నిద్రనూ పనినీ చెడగొడుతుంటే డిప్రెషనేమోనని చూస్తాం. మీకు నెలల తరబడి ఉంది. ఏ లోటూ లేనివాళ్లకూ ఇది వస్తుందమ్మా, మీ వారికి ఈ ముక్క చదివి వినిపించండి. గుడికి తప్పకుండా వెళ్లండి, కానీ వైద్యం ఆపొద్దు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా చేయించమనండి. థైరాయిడ్ తగ్గినా ఇలాగే నీరసం, దిగులు ఉంటాయి.

మందుల భయం చాలామందికి ఉంది. డిప్రెషన్‌కు సాధారణంగా ఇచ్చేవి నిద్రమాత్రలు కావు, వ్యసనంలా పట్టుకోవు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. మొదట్లో కాస్త వికారం ఉండొచ్చు. చాలామంది అక్కడే మానేస్తారు. మీరు మానకండి. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటాం, తర్వాత డాక్టరే నెమ్మదిగా తగ్గిస్తారు. కొందరికి మాటలతో చేసే కౌన్సెలింగ్ ఒక్కటే సరిపోతుంది, అది చూసి చెప్పాల్సిన సంగతి.

సంబంధాల గురించి దిగులు పడకండి. మీరు చెప్పింది డాక్టరు బయట పెట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. పెళ్లి జాకెట్ల జోలికి ఇప్పుడే పోవద్దు. రోజూ ఒక చీరకు ఫాల్ కుట్టండి, అంతే. ఓపీకి మీ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లండి, డాక్టరు చెప్పేది ఆయన కూడా వినాలి.