మీ ఇంట్లో ఆరాధన మొదలుపెట్టే ముందు

బాబూ,

నీకూ కోడలికీ ప్రభువు నామంలో శుభాలు. నువ్వు పంపిన మెసేజ్ మూడుసార్లు చదివాను. మన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) క్రమం ప్రకారం జరిగే ఆరాధన మీ ఊరికి నలభై కిలోమీటర్ల అవతలే ఉందనీ, వానాకాలం వస్తే ఆ బస్సు కూడా సరిగ్గా ఉండదనీ, అందుకే మీ హాల్లోనే మొదలుపెట్టాలని ఉందనీ రాశావు. చాలా సంతోషమైంది. కాస్త భయం కూడా వేసింది. ఎందుకంటే ఇదే పని ఒకప్పుడు నేనూ చేశాను, చేసి చెడగొట్టాను.

అప్పుడు నాకు ముప్పై అయిదేళ్లు. ట్రాన్స్‌ఫర్ మీద వెళ్లిన ఊళ్లో మా అద్దె ఇంట్లోనే మొదలుపెట్టాను. రెండో నెలకే ఇరవై మంది వచ్చారు. దగ్గర్లో ఉన్న పాస్టరేటు (ఒక పాస్టరు కింద ఉండే సంఘాలు) అయ్యగారికి చెప్పాలని నాకు తోచలేదు. ఆయనకు ఎవరి ద్వారానో తెలిసింది, బాధపడ్డారు. ఇక కానుకల సంగతి. పళ్ళెంలో పడ్డ డబ్బు నేనే తీసేవాణ్ణి, కిరోసిన్‌కీ చాపలకీ నేనే ఖర్చుపెట్టేవాణ్ణి. ఒక్క రూపాయి తినలేదు, కానీ ఒక్క రూపాయికీ లెక్క రాయలేదు. ఊళ్లో అందరూ దాన్ని ‘మాస్టారి చర్చి’ అనేవారు. నాకు మళ్లీ బదిలీ అయింది, నెల తిరక్కుండానే ఆ చర్చి లేకుండా పోయింది. ఆ ఇరవై మందీ ఎటు పోయారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

కాబట్టి ముందు వెళ్లి ఆ నలభై కిలోమీటర్ల అవతలి ప్రెస్బిటరు (పాస్టరు) అయ్యగారిని కలువు. ఫోన్ చేస్తే చాలనుకోకు. కోడలిని కూడా తీసుకుని వెళ్లు. ‘మా ఇల్లు మీ పాస్టరేటులో ఒక ప్రార్థనా స్థలంగా ఉండనివ్వండి’ అని అడుగు. బిషప్పుగారి అనుమతి సంగతి ఆయనే చూస్తారు. ఆయన వెంటనే ఒప్పుకోకపోయినా ఓపిక పట్టు. ఆయన పేరు మీద మొదలైతే, రేపు నువ్వు ఊరు మారినా సంఘం మారదు.

ఆయన నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చి ప్రభువు బల్ల, అంటే రొట్టె, పాత్ర ఇస్తారు. మిగతా ఆదివారాల్లో బల్ల జోలికి వెళ్లకు. ఎంతమంది బతిమాలినా వద్దు. అయ్యగారిగా అభిషేకం పొందనివాడు అది చేస్తే మొదట ప్రేమగానే కనిపిస్తుంది, తర్వాత ఎవరి ఇష్టం వాళ్లదవుతుంది. నువ్వు చేయాల్సింది ఉదయ ప్రార్థన. ఇక్కడ ఒక్క అక్షరం నీకు గుర్తు చేయాలి. పాపపు ఒప్పుకోలు తర్వాత క్షమాపణ మాట చెప్పేటప్పుడు అయ్యగారు ‘మిమ్మును’ అంటారు, నువ్వు ‘మమ్మును’ అనాలి. ‘దేవుడు మమ్మును కరుణించి మా పాపములను క్షమించునుగాక.’ చివరి ఆశీర్వాదం దగ్గరా అంతే. నువ్వు చేయి ఎత్తకు, ‘మనకందరికి తోడై యుండును గాక’ అని అందరితో కలిసి చెప్పు. ఆ ఒక్క అక్షరం మారడంలో నువ్వు ఎక్కడ నిలబడ్డావో తెలిసిపోతుంది. వాళ్ల ముందు కాదు, వాళ్లలోనే.

మిగతా క్రమం నీకు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చినదే. కీర్తన, పాత నిబంధన పాఠం, అపొస్తలుల పత్రిక, సువార్త, విశ్వాస ప్రమాణం, విజ్ఞాపనలు, ప్రభువు ప్రార్థన. పాఠాలు నువ్వు ఎంచుకోకు. చర్చి క్యాలెండరైన అల్మనాక్‌లో ఆ ఆదివారానికి ఏవి ఉంటే అవే చదివించు. నీకు నచ్చిన వచనాలు నువ్వే ఏరుకుంటూ పోతే నాలుగు నెలల్లో సంఘమంతా నీ బుర్రలా తయారవుతుంది. చదివేవాళ్లకు శనివారమే చెప్పు, ఇంట్లో ఒకసారి చదువుకుని వస్తారు. ప్రసంగం పది నిమిషాలు చాలు. సిద్ధపడలేకపోయిన వారం సువార్త రెండుసార్లు చదివి, రెండు నిమిషాలు అందరూ మౌనంగా కూర్చోండి. ఆ వారం ఎవరికీ ఏమీ తక్కువ కాదు.

‘రోజూ అవే మాటలా’ అని కొత్తవాళ్లు అడుగుతారు. మన పల్లెలో పొలం పనులు చేసుకునే ఒక ముసలమ్మ ఉండేది, నువ్వు చూసే ఉంటావు. అక్షరం ముక్క రాదు. చివరి రోజుల్లో ఆమెను చూడటానికి వెళ్లినప్పుడు మనుషులనే గుర్తుపట్టట్లేదు. నేను మంచం పక్కన కూర్చుని విశ్వాస ప్రమాణం మొదలుపెట్టాను. ‘పరలోకమునకు భూమికి సృష్టికర్తయైన’ అనగానే ఆమె పెదాలు కదిలాయి. చివరి ‘ఆమేన్’ దాకా నాతోనే వచ్చింది. యాభై ఏళ్లపాటు ఆదివారం ఆదివారం పలికిన మాటలు ఆమె లోపల ఎక్కడో ఉండిపోయాయి. కొత్తగా కనిపించే ప్రార్థనలు ఎన్ని చేసినా ఆ పని చేయవు బాబూ. అందుకే అట్ట ఊడిన ఆరాధన పుస్తకమైనా సరే, ఆ గ్రాంథికం కష్టమనిపించినా సరే, మార్చకు. అర్థం కాని మాట ఉంటే ప్రసంగంలో విప్పి చెప్పు.

ఇంట్లో ఆరాధన అంటే చిన్నతనమని ఎవరైనా అంటే మనసుకు పట్టించుకోకు. ప్రిస్కిల్ల, అకుల ఇంట్లో ఉన్న సంఘానికి పౌలు వందనాలు రాశాడు. క్రీ.శ. 155 ప్రాంతంలో రోములో ఉన్న జస్టిన్ అనే క్రైస్తవ బోధకుడు ఆదివారం ఎలా కూడుకునేవారో రాసిపెట్టాడు. లేఖనాలు చదవడం, బోధ, అందరూ లేచి ప్రార్థించడం, రొట్టె, పాత్ర, రాలేనివారికి డీకన్లు ఇంటికి తీసుకెళ్లి ఇవ్వడం, అనాథలకూ విధవరాళ్లకూ కానుక. నువ్వు చేయబోయేది దాదాపు అదే. సిరియాలోని దూరా యూరోపస్‌లో 240 ప్రాంతంలో ఒక మామూలు ఇంటిని ఆరాధనకు మార్చారు, రెండు గదుల మధ్య గోడ తీసేసి హాలు చేశారు. మన దోర్నకల్ డయోసిస్ సంగతే చూడు. అజరయ్య బిషప్పుగారికి అభిషేకం 1912లో అయితే, అక్కడి కథీడ్రలు (బిషప్పుగారి ప్రధాన చర్చి) ప్రతిష్ఠ 1939లో జరిగింది. మధ్యలో పాతికేళ్లకు పైగా సంఘాలు ఆగలేదు. పల్లెల్లో పూరిపాకల్లో ఇదే క్రమం పలుకుతూ పెరిగాయి.

ఇప్పుడు కష్టమైన మాట. మీ ఇల్లు ఏ పేటలో ఉందో, ఆ గుమ్మం ఎవరు తొక్కగలరో ఆలోచించావా? మన చర్చిల్లో మాలల చర్చి, మాదిగల చర్చి అని విడిపోయినవి ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు. మీ హాల్లోకి ఒక్క పేటవాళ్లే వస్తుంటే, మూడో నెలకే అది కులం మీటింగ్ అయిపోతుంది. కూర్చోవడానికి కుర్చీలు కొందరికీ చాపలు కొందరికీ వద్దు, అందరికీ చాపలే వెయ్యి. మోకాళ్ల నొప్పులవాళ్లకు మాత్రం కుర్చీ. అయ్యగారు వచ్చిన రోజున ఒకే పాత్ర. మన సి.ఎస్.ఐ. 1947లో ఏర్పడ్డాక 1950లో తెచ్చుకున్న బల్ల ఆరాధన క్రమంలో సమాధానం (శాంతి) ఇచ్చుకునే పద్ధతి కేరళ సిరియను క్రైస్తవ సంఘాల నుంచి తీసుకున్నది. ఒకరి అరచేయి మరొకరి అరచేతుల మధ్య పెడతారు. ముట్టుకోవడమే నేరమని పెరిగిన ఊళ్లలో ఆ చేయి ఎంత పెద్ద సంగతో ఆలోచించు. దాన్ని నమస్కారంతో సరిపెట్టనివ్వకు.

కోడలిని నిజంగా అడిగావా? ఆదివారం పొద్దున్నే హాలు ఊడ్చేది, టీ పెట్టేది, పిల్లల్ని పక్క గదిలో చూసుకునేది ఆమే అయితే ఆమెకు ఆరాధన ఎక్కడిది? ఊడ్చే పని వంతులవారీగా పంచు, నీ వంతు మొదటిది. టీ వద్దు, మంచినీళ్లు చాలు. పిల్లలు హాల్లోనే ఉండనీ. ఆ గోల అలవాటవుతుంది.

పండుగల క్రమం వదలకు. ఈస్టరుకు ముందు ఉపవాస కాలమైన లెంటులో బల్ల మీద ఊదా గుడ్డ, ఈస్టరుకు తెల్లది, పెంతెకొస్తుకు ఎర్రది. పాత చీర ముక్కలు చాలు. మట్టల ఆదివారం కొబ్బరి మట్టలు దాచిపెట్టు, మరుసటి ఏడాది లెంటు మొదటి రోజైన భస్మ బుధవారానికి వాటినే కాల్చి బూడిద చేయండి. పిల్లలు ఆ పని ఎప్పటికీ మరచిపోరు.

డబ్బు సంగతి చిన్నదే గానీ గట్టిగా చెబుతున్నాను. ఇద్దరు లెక్కపెట్టాలి, ఆ ఇద్దరిలో నువ్వు ఉండకూడదు. నోట్‌బుక్‌లో అదే రోజు రాసి సంతకాలు పెట్టాలి. పిడికెడు బియ్యం తెచ్చేవాళ్లుంటే ఆ బియ్యం ఆ వారమే అవసరమున్న ఇంటికి వెళ్లాలి. విదేశాల నుంచి ఎవరైనా పంపుతానంటే వద్దను. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోవడం చట్టరీత్యా తప్పు.

మైకు పెట్టకు. పన్నెండు మందికి మైకెందుకు? పక్కింటివాళ్లకు ముందే వెళ్లి చెప్పు, ఏ టైముకు మొదలై ఏ టైముకు ముగుస్తుందో కూడా చెప్పు. క్రిస్మస్‌కు కేకు పంపు, వాళ్ల సంక్రాంతి అరిసెలు తీసుకో. బాప్తిస్మం అడిగేవాళ్లను నేరుగా అయ్యగారి దగ్గరికి పంపు. ఎస్సీలు క్రైస్తవులైతే చట్టం లెక్కలో ఎస్సీ హోదా పోయి బీసీ-సీ అవుతారన్న సంగతి కూడా వాళ్లకు దాచకుండా చెప్పు. తెలియకుండా అడుగు వేసి తర్వాత కుమిలిపోయినవాళ్లను చూశాను. అది అన్యాయమని నేను నమ్ముతాను, కానీ దాచడం ఇంకో అన్యాయం.

ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగావు. క్రైస్తవ సంవత్సరం మొదలయ్యేది ఆగమన కాలం మొదటి ఆదివారంతో, అంటే క్రిస్మస్‌కు ముందు నాలుగో ఆదివారం. అప్పుడే మొదలుపెట్టు. అప్పటిదాకా ఎవరినీ పిలవకు. నువ్వూ కోడలూ ఇద్దరే రోజూ సాయంత్రం ప్రార్థన క్రమం చదువుకోండి. అలసిపోయిన రోజు కూడా, గొడవపడ్డ రోజు కూడా. ఇద్దరికీ అలవాటు కానిది పన్నెండు మందికి ఎలా అలవాటు చేస్తారు?

ఆ ఆదివారానికి నేనూ పెద్దమ్మా వస్తాం. పెద్దమ్మ బల్ల మీదకు తెల్ల గుడ్డ కుడతానంటోంది. మీ బల్ల పొడవు, వెడల్పు కొలిచి పంపు.

నీ పెదనాన్న