పే స్లిప్ చూపి అప్పు, మరుసటి నెలలో రాజీనామా: ఈ లెక్క కుదరదు

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నా వయసు 34. ప్రైవేటు ఉద్యోగం, చేతికి రూ.62 వేలు వస్తాయి. మావారికి రూ.58 వేలు. ఇంటి ఖర్చు రూ.48 వేలు, హోమ్‌లోన్ ఈఎంఐ రూ.27 వేలు, చీటీ రూ.20 వేలు (రూ.5 లక్షల చీటీ, ఇంకా 14 నెలలుంది, పాడలేదు). ఎఫ్‌డీ రూ.2.4 లక్షలు. ఆరేళ్ల బాబు, మాతోనే ఉండే 67 ఏళ్ల అత్తగారు (షుగర్ ఉంది). అందరికీ నా కంపెనీ హెల్త్ పాలసీయే. ఏడాది వయసు నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు తల్లులతో కలిపి మ్యూజిక్ క్లాసులు, పుట్టినరోజులకు మ్యూజిక్ పార్టీలు మొదలుపెట్టాలని ఉంది. రూ.45 వేల అద్దెకు షాపు చూశాను, ఆరు నెలల అడ్వాన్సు అడుగుతున్నారు. ఉద్యోగం ఉండగానే రూ.6 లక్షలు పర్సనల్ లోన్, నగల మీద రూ.5 లక్షలు తీసుకుని రాజీనామా చేద్దామనుకుంటున్నా. నెలకు రూ.2,500 చొప్పున మూడో నెలకల్లా 60 మంది పిల్లలు వస్తారని అంచనా. సరైన నిర్ణయమేనా?

జవాబు: ఆలోచన మంచిదే, డబ్బు సమకూర్చుకునే దారే తప్పు. జీతం ఉండగానే అప్పు తీసేసుకుని తర్వాత మానేయడాన్ని చాలామంది తెలివైన పని అనుకుంటున్నారు. జీతాన్ని నమ్మి ఇచ్చిన అప్పును జీతం లేకుండా తీర్చాల్సింది మీరే. అందుకే మీ ఉత్తరానికి వివరంగా జవాబిస్తున్నాను.

ముందు షాపు ఊసు లేకుండా చూడండి. ఇల్లు, ఈఎంఐ, చీటీ కలిపి రూ.95 వేలు. మీరు మానేస్తే వచ్చేది రూ.58 వేలే. మొదటి పాట పాడకముందే నెలకు రూ.37 వేలు తక్కువ. ఇప్పుడు రూ.6 లక్షల పర్సనల్ లోన్ కలపండి: 14 శాతం వడ్డీతో నాలుగేళ్లకు ఈఎంఐ సుమారు రూ.16,400. నగల అప్పుకు 10 శాతం వేసుకున్నా వడ్డీ ఒక్కటే నెలకు రూ.4,200. షాపు అద్దె రూ.45 వేలు, సహాయకురాలికి రూ.15 వేలు, కరెంటు, శుభ్రతకు రూ.5 వేలు. ముందు చెప్పిన రూ.37 వేల లోటుతో కలిపి మొత్తం నెలకు రూ.1,22,600. అంటే 50 మంది పిల్లలు ప్రతి నెలా తప్పకుండా ఫీజు కడితేనే మీరు సున్నా దగ్గర నిలబడతారు. మొదటి మూడు నెలలు సగటున 15 మందే వస్తే నెలకు రూ.85 వేల లోటు, మూడు నెలలకు రూ.2.55 లక్షలు. మీ ఎఫ్‌డీ అంతకన్నా తక్కువ. పైగా అది షాపు అడ్వాన్సు రూ.2.7 లక్షలకే చాలదు.

60 మంది అన్న అంకె కూడా టైమ్‌టేబుల్‌లో ఇమడదు. ఈ వయసు పిల్లలు 40, 45 నిమిషాలకు మించి కూర్చోరు. పక్కన పెద్దవాళ్లు కూడా ఉంటారు కాబట్టి బ్యాచ్‌కు పదిమందే హద్దు. మధ్యాహ్నం వాళ్ల నిద్ర వేళ. మిగిలేవి పొద్దున పది గంటల బ్యాచ్, సాయంత్రం ఐదు గంటల బ్యాచ్. వారం మధ్యలో తీసుకొచ్చేది అమ్మమ్మలు, నానమ్మలే. ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులంతా శని, ఆదివారాలే అడుగుతారు. పార్టీలూ ఆ సాయంత్రాలే ఉంటాయి. ఆదివారం సాయంత్రం బ్యాచ్ పెడితే పార్టీ పోతుంది, పార్టీ ఒప్పుకుంటే బ్యాచ్ పోతుంది. ఇక ఏప్రిల్, మే నెలల్లో కుటుంబాలు ఊళ్లకు వెళతాయి. వానాకాలంలో ఒక పిల్లాడికి జలుబు వస్తే వారంలో బ్యాచ్ సగం ఖాళీ. ఈఎంఐ మాత్రం అదే తేదీకి కట్ అవుతుంది.

అందుకే అత్యవసర నిధి లేకుండా ఈ పనిలో అడుగు పెట్టొద్దని గట్టిగా చెబుతున్నాను. జీతగాళ్ల ఇంటికి ఆరు నెలల ఖర్చు చాలంటాం. ఒక జీతం ఆగి, దాని చోట ఊగిసలాడే ఆదాయం వచ్చే ఇంటికి తొమ్మిది నెలలది కావాలి. చీటీ అయిపోయాక మీ ఖర్చు రూ.75 వేలు, అంటే రూ.6.75 లక్షలు. దీంట్లోంచి షాపు అడ్వాన్సుకు, అద్దెకు, ప్రకటనలకు ఒక్క రూపాయి తీయకూడదు. మీ ఎఫ్‌డీని మీరు మనసులో రెండుసార్లు లెక్కేసుకున్నారు: వ్యాపారానికీ అదే, ఆపదకూ అదే.

రెండోది ఇంకా అర్జెంటు: హెల్త్ పాలసీ. మీరు మానేసిన రోజుతో మీ బాబు, అత్తగారు సహా ఇల్లంతా బీమా బయట పడుతుంది. అత్తగారికి ఇప్పుడు కొత్త పాలసీ తీసుకుంటే, ముందు నుంచీ ఉన్న షుగర్‌కు మూడేళ్ల వరకు వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని గడువు) ఉండవచ్చు. కాబట్టి ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీలు తీసుకోండి. కంపెనీ పాలసీ కాపు కాస్తుండగానే ఆ వెయిటింగ్ కొంత కరిగిపోతుంది. మీ ముగ్గురికి రూ.10 లక్షల ఫ్లోటర్ (ఆ మొత్తాన్ని ఇంట్లో ఎవరైనా వాడుకోగల ఉమ్మడి పాలసీ), అత్తగారికి విడిగా కనీసం రూ.5 లక్షలు. ఆవిడను మీ ఫ్లోటర్‌లో కలిపితే ఆవిడ వయసును బట్టి అందరి ప్రీమియం పెరుగుతుంది. షుగర్ సంగతి ఫారంలో దాచొద్దు, క్లెయిమ్ పోయేది అక్కడే. వ్యక్తిగత హెల్త్ పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. హోమ్‌లోన్ ఉంది కాబట్టి ఇద్దరికీ టర్మ్ పాలసీ (మరణిస్తే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ఉండాలి.

డబ్బు దారి ఇలా: చీటీ మధ్యలో పాడొద్దు. పాడితే తగ్గిన మొత్తం చేతికొస్తుంది, వాయిదాలు మాత్రం చివరిదాకా ఉంటాయి. మీ ఇద్దరి జీతాల్లో ఇప్పుడు నెలకు రూ.25 వేలు మిగులుతోంది. 14 నెలలకు రూ.3.5 లక్షలు. ఎఫ్‌డీతో కలిపి రూ.5.9 లక్షలు. చివర్లో చీటీ, కమీషన్ పోను, సుమారు రూ.4.7 లక్షలు. మొత్తం రూ.10.6 లక్షల్లో నిధికి రూ.6.75 లక్షలు తీసి, ప్రీమియాలు కట్టాక కూడా అప్పు లేకుండా రూ.3 లక్షలకు పైగా పెట్టుబడి మిగులుతుంది.

ఈ 14 నెలలూ ఖాళీగా ఉండక్కర్లేదు. బయటి పని చేయొచ్చో లేదో మీ ఆఫర్ లెటర్‌లో చూసుకుని, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌ను గంట అద్దెకు తీసుకోండి. అసోసియేషన్ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి, రెండు బ్యాచ్‌లు చాలు. పదిమందికి గిలక్కాయలు, చిన్న డప్పులు, మువ్వల పట్టీలు, రంగు స్కార్ఫులు, ఫోమ్ మ్యాట్లు, ఒక కీబోర్డు, బ్యాటరీ స్పీకర్: రూ.40 వేలలో సర్దుకోండి. గిలక్కాయలకు ఐఎస్‌ఐ మార్కు చూడండి. గింజలు నింపిన చవకవి నేలకేసి కొడితే పగులుతాయి, మూడేళ్లలోపు పిల్లలు ఆ గింజల్ని నోట్లో పెట్టుకుంటారు. ప్రతి క్లాసు తర్వాత వాయిద్యాలన్నీ తుడవాలి.

ఫీజు నెలకు కాకుండా 12 క్లాసుల టర్ముకు రూ.7,500 ముందే తీసుకోండి. లేకపోతే పిల్లాడు రాని ప్రతి వారం డబ్బు తిరిగి అడుగుతారు. అయితే ఆ రూ.7,500 వచ్చిన రోజే మీది కాదు. వేరే ఖాతాలో ఉంచి, నాలుగు క్లాసులు పూర్తయ్యాక మూడో వంతు చొప్పున తీసుకోండి. ఇలాంటి క్లాసులు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే: జూన్‌లో వచ్చిన టర్మ్ ఫీజుతో జూన్‌లోనే అద్దె, ఇంటీరియర్ బాకీలు కట్టేస్తారు, ఆగస్టులో జీతాలకు డబ్బుండదు.

పార్టీకి రూ.12 వేలంటే అందులో సహాయకురాలు, క్యాబ్ పోను రూ.8 వేలే మిగులుతాయని వేసుకోండి. సగం అడ్వాన్సు, తేదీ మార్చుకునే గడువు 60 రోజులు, పిల్లలు 20 మందికి మించకూడదు: ఈ మూడూ వాట్సాప్‌లో రాసి ఒప్పించుకోండి. సినిమా పాటల రికార్డింగులు వేస్తే లైసెన్సు సంగతి వస్తుంది. పెళ్లి వేడుకలకున్న మినహాయింపు పుట్టినరోజులకు లేదు. తరతరాలుగా వస్తున్న జోలపాటలు మీరే పాడి వాయిస్తే ఆ చిక్కు ఉండదు. పిల్లాడు జారిపడితే బాధ్యత మీదే కాబట్టి పబ్లిక్ లయబిలిటీ పాలసీ (బయటివాళ్లకు దెబ్బ తగిలితే మీరు ఇవ్వాల్సిన పరిహారాన్ని భరించే బీమా) తీసుకోండి.

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ పథకం కింద ఇచ్చే ముద్ర లోన్ ఉంది, కానీ మొదటి ఏడాది అదీ వద్దు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఉచితం, చేసుకోండి. ఏడాది మొత్తం వసూళ్లు రూ.20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం రాదు.

నగల అప్పు గురించి ఒక్క మాట: ఏడాది తిరిగేసరికి అసలు, వడ్డీ కలిపి అడుగుతారు. చాలామంది వడ్డీ మాత్రం కట్టి తిరగరాయిస్తారు, అసలు ఎప్పటికీ తగ్గదు. వడ్డీ కట్టలేని ఏడాది వేలం నోటీసు వస్తుంది. నగలు ఇంట్లోనే ఉండనివ్వండి. పర్సనల్ లోన్ దరఖాస్తు ఇప్పటికే పెట్టి ఉంటే డబ్బు ఖాతాలో పడకముందే రద్దు చేయండి. రెండు బ్యాచ్‌లలో 20 సీట్లూ వరుసగా రెండు టర్ములు నిండి, రెండో టర్ముకు కనీసం 12 మంది పాతవాళ్లే తిరిగి కడితే, అప్పుడు అద్దె షాపు గురించి మళ్లీ రాయండి.