నోరు విప్పే ముందు

చెల్లీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. "నేనే ఇష్టపడి వచ్చాను కదక్కా, ఇప్పుడు ఎవరికి చెప్పుకోను" అన్నావు చూడు, నేనూ ఇదే అనుకుని ఏడాదిన్నర నోరు మూసుకున్నాను. నువ్వు ఇష్టపడింది పరాయి దేశంలో ఇంటి పనికి, ఇలా బందీగా పడి ఉండటానికి కాదు. మనుషుల అక్రమ రవాణాను ఆపడానికి 2000లో ఐక్యరాజ్యసమితి చేసిన పలెర్మో ప్రోటోకాల్ అనే ఒప్పందంలోనూ ఈ మాటే ఉంది: మోసం చేసో బెదిరించో తెచ్చి దోపిడీ చేస్తే, వచ్చిన మనిషి ఒప్పుకుంది కదా అన్న సాకు చెల్లదు. పాస్‌పోర్ట్ యజమానుల బీరువాలో ఉందన్నావు. ఇంటి పనివాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తెచ్చిన 189వ ఒప్పందం ప్రకారం అది మన దగ్గరే ఉంచుకోవడం మన హక్కు. అన్ని దేశాలూ దానికి ఒప్పుకోలేదనుకో, అయినా తప్పు ఎవరిదో నీకు తెలియాలి.

అందరికీ చెప్పక్కర్లేదు, ముందు ఒక్కరికి చెప్పు. అది ఇంట్లోవాళ్లే కావాలని లేదు. అప్పు చేసి పంపినవాళ్లకు ముందు టెన్షన్ పట్టుకుంటుంది, నీ మాట తర్వాతే వినబడుతుంది. వలస కార్మికుల సంఘమో, ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే సంస్థో అయితే, ఫిర్యాదు చేస్తే వీసా ఏమవుతుందో ముందే అడగొచ్చు. ప్రాణం మీదికొస్తే మాత్రం ఈ వరసలేవీ చూడకు, బయటపడు.

ఈలోగా రాసిపెట్టుకో. నేను సరుకుల పుస్తకంలో రాసేదాన్ని. "సబ్బులు 4" పక్కన పెన్సిల్‌తో చిన్నగా "5–1" అని, అంటే పొద్దున ఐదింటికి లేచి రాత్రి ఒంటిగంటకు పడుకున్నానని. జీతం ఇవ్వని నెలకు ఒక చుక్క. మేడమ్ రోజూ ఆ పుస్తకం చూసేది, ఒక్కసారీ అనుమానం రాలేదు! తర్వాత ఫిర్యాదు చేసినప్పుడు అధికారి ముందు తేదీలన్నీ కలిసిపోయి తడబడుతుంటే, అది తీసి బల్ల మీద పెట్టాను.

ఇంకోటి, ట్రాన్స్‌లేటర్. మొదటిసారి నాకు పెట్టినవాడు ఏజెంట్‌కు తెలిసినవాడట, నేను "కొట్టారు" అంటే "కోప్పడ్డారు" అని చెప్పాడు. వాళ్లతో సంబంధం లేని ఆడమనిషి కావాలని అడుగు, మొహమాటపడకు. చదవలేని కాగితం మీద సంతకం చెయ్యకు. ఎవరైనా ఫొటో అడిగితే వద్దను. అన్నీ ఒకేసారి చెప్పాలనీ లేదు. ఒంటి మీద చెయ్యి వేసిన సంగతి నేను మూడోసారి వెళ్లినప్పుడు గానీ చెప్పలేకపోయాను, అంతమాత్రాన మొదట చెప్పినవి అబద్ధాలైపోవు.

చదివాక ఇది చెరిపెయ్. రేపు ఏ వేళకు తెరిపి దొరుకుతుందో చెప్పు, అప్పుడే ఫోన్ చేస్తాను. పక్కన ఎవరైనా ఉంటే "నిద్రొస్తోందక్కా" అను, పెట్టేస్తా.